కాళ్ళు కోసిన కమ్మీలు

"నా పేపరుకి కిటికీ పెట్టిందెవరు?"

గురువారం పొద్దున మా ఇల్లు ఈ ప్రశ్నతో నిద్ర లేచింది. మా అత్తగారు వార్తాపత్రికను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు. ఐదో పేజీ మధ్యలో నలుచదరంగా పెద్ద కన్నం. అందులోంచి ఆవిడ ముక్కూ, కళ్ళజోడూ కనిపిస్తున్నాయి.

"నేనే నానమ్మా. లెక్కల క్లాసుకి కావాలి," అంది మా అమ్మాయి.

"లెక్కలకి కావాలంటే లెక్కల పుస్తకం కోసుకో. దీని వెనక పేజీలో నా గళ్ళనుడికట్టు ఉందే తల్లీ! అడ్డం ఆధారాలు ఉన్నాయి, నిలువు ఆధారాలు నీ కిటికీలోంచి దూకి పారిపోయాయి."

"అడ్డం అన్నీ నింపేస్తే నిలువు వాటంతట అవే వస్తాయి కదా."

"విన్నావుటమ్మాయ్, నీ కూతురి తెలివి? మంచం నాలుగు కోళ్ళలో రెండు ఇచ్చి పడుకోమంటోంది!"

నేను వంటింట్లోంచి వచ్చేసరికి కన్నం కంటే ముందు నాకు కత్తెర కనిపించింది. నా గుడ్డల కత్తెర. కుట్టుపెట్టె లోంచి తీసి, కాగితం కోసి, సోఫా చేతి మీద నోరు తెరిచి పడేసి ఉంది.

"దీంతో కాగితం కోశావా? పదును పోతుందని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? రేపు గుడ్డ కోస్తే అంచు ఎలక కొరికినట్టు వస్తుంది."

"మామూలు కత్తెర కనబడలేదమ్మా."

"వెతికితే కదా కనబడటానికి!"

ఏ పనైనా అంచు వంకర పోతే నాకు నిద్ర పట్టదు. కుట్టు ఒక్క నూలుపోగు పక్కకు జరిగినా విప్పి మళ్ళీ వేస్తాను. మా ఆయన దీన్ని జబ్బు అంటారు. డిగ్రీలో లెక్కలు చదివి ఇంట్లో కూర్చుంటే ఆ లెక్కలు ఇలా అంచుల్లోకి పాకుతాయని మా అత్తగారి సిద్ధాంతం.

కత్తెర సంగతి అలా ఉంచితే, ఆ కన్నం వల్ల నాకు లోలోపల సంతోషమే. పోయినేడాది దాకా లెక్కల పరీక్ష ఉన్న రోజు మా అమ్మాయికి కడుపునొప్పి వచ్చేది. దొంగ నొప్పి కాదు, నిజంగానే ముడుచుకుని పడుకునేది. ఈ ఏడు ఏడో తరగతిలోకి వచ్చాక కొత్త లెక్కల మాస్టారు వచ్చారు. పిల్లలు ఆయనకు కత్తెర మాస్టారని పేరు పెట్టారు. ప్రతి శుక్రవారం ఆయన పాఠ్యపుస్తకం మూయించేస్తారు. పేపర్లోంచో, సబ్బు పెట్టె మీదనుంచో, టీవీలోంచో ఒక ముక్క తేవాలి. దాంతో పాటు జవాబు కాదు, ఒక ప్రశ్న తేవాలి. 'ముప్ఫై శాతం ఎక్కువ నురగ' అంటే దేనికంటే ఎక్కువ? సినిమాలో హీరో ఈ మేడ మీదనుంచి ఆ మేడ మీదకి దూకాడు, బొమ్మ ఆపి చూస్తే ఎంత దూరం? వాన పడే అవకాశం అరవై శాతం అన్నారు, గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా?

రెండు నెలల్లో మా పిల్ల చేతికి కొలబద్ద మొలిచింది. ఒకసారి నానమ్మ పక్కన కూర్చుని ఆవిడ రోజూ చూసే సీరియల్‌ని కొలిచింది. ప్రకటనలు, నిన్నటి కథ, రేపటి కథ అన్నీ తీసేస్తే ఇవాళ్టి కథ పావు వంతు మిగిలిందని గుండ్రటి బొమ్మ గీసి చూపించింది. "నా సీరియల్‌కి పోస్టుమార్టం చేశావు కదే!" అని మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. అప్పటినుంచీ మనవరాలి పేరు కొలబద్ద.

"ఇంతకీ ఏం కోశావే కొలబద్దా?" అన్నారు మా అత్తగారు, కోపం కాస్త దిగాక.

అమ్మాయి ఆ ముక్కను అరచేతుల మీద పెట్టుకుని నా ముందుకు తెచ్చింది.

నిలువు కమ్మీల గ్రాఫు. మా ఊరి సాయంత్రం బస్సులో నాలుగేళ్ళుగా వారానికి ఎంతమంది ప్రయాణికులు ఎక్కారో చూపించే బొమ్మ. మొదటి కమ్మీ పొడుగ్గా, పక్కది దానికంటే పొట్టి, ఆ పక్కది ఇంకా పొట్టి, చివరిది అరిగిపోయిన సుద్దముక్కలా ఉంది. పైన శీర్షిక: 'ఖాళీ బస్సు ఎవరి కోసం?' కింద కుడి మూలన, అగ్గిపుల్ల తలంత పిచ్చుక.

మా ఆయన పత్రికాఫీసులో పేజీలు పెడతారు, బొమ్మలూ గ్రాఫులూ గీస్తారు. వార్త రాసినవాళ్ళ పేరు పడుతుంది కానీ బొమ్మ గీసినవాళ్ళ పేరు పడదు. అందుకని ఎప్పుడో ఆయన మూలన ఒక పిచ్చుకను పెట్టడం మొదలుపెట్టారు. "పిచ్చుక ఉంటే నాన్న గీసినట్టు" అని అమ్మాయికి ఊహ తెలిసినప్పుడే చెప్పారు.

"రేపు క్లాసుకి అమ్మానాన్నలు కూడా రావచ్చు అన్నారు సార్," అంది అమ్మాయి. "నాన్న బొమ్మ మీదే నా ప్రశ్న. నాన్న కూడా వస్తే ఎంత బాగుంటుంది!"

నేను వంగి చూశాను. "ఈసారి పిచ్చుక ముక్కు వంకర పోయిందే," అని నవ్వాను కూడా. నవ్వుతూనే కమ్మీల మీద అంకెలు చదివాను. మొదటి దాని మీద ఐదు వందల ఇరవై. చివరి దాని మీద నాలుగు వందల తొంభై.

నవ్వు సగంలో ఆగింది.

ముప్ఫై మంది తగ్గారు. వందకు ఆరుగురు కూడా కాదు. బొమ్మలో మాత్రం బస్సు నాలుగో వంతుకు చిక్కిపోయింది. కమ్మీలు సున్నా దగ్గర మొదలవలేదు. నాలుగు వందల ఎనభై దాకా కింది భాగమంతా కోసేసి, పైన మిగిలిన కాస్తనూ సాగదీసి నిలబెట్టారు. ఇది వాళ్ళ ఆఫీసులో అలవాటే. చోటు తక్కువగా ఉన్నప్పుడు, తేడా కొట్టొచ్చినట్టు కనబడాలన్నప్పుడు, డెస్కు ఇన్‌చార్జి "కాళ్ళు కొయ్యవయ్యా" అంటాడట. మా ఆయన ఎప్పుడో నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను.

అంతలో ఆయన కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చారు. కూతురి చేతిలో తన బొమ్మ చూశారు. ఆ మొహం ఎలా వెలిగిందో ఇప్పటికీ నా కళ్ళలోనే ఉంది. "నాదేనా? నాది తీసుకెళ్తున్నావా? అయితే చొక్కా ఇస్త్రీ చేసుకోవాలే రేపు!"

చెప్పాల్సిన క్షణం అదే. 'అమ్మా, ఇంకో ముక్క కోసుకో' అన్నా సరిపోయేది. నేను కత్తెర తుడిచి పెట్టెలో పెట్టాను. పదమూడేళ్ళు కూడా నిండని పిల్లలు, వాళ్ళేం కనిపెడతారులే అనుకున్నాను.

*

శుక్రవారం క్లాసులో చివరి బెంచీ మీద మేం ఆరుగురం పెద్దవాళ్ళం ఇరుక్కుని కూర్చున్నాం. మోకాళ్ళు పైనున్న చెక్కకు తగులుతున్నాయి. గోడకు గోడకు దారాలు కట్టి, వాటికి క్లిప్పులతో కాగితం ముక్కలు వేలాడదీశారు. వాతావరణం పట్టికలు, టూత్‌పేస్టు ప్రకటనలు, టీవీ కార్యక్రమాల వేళలు. ఉతికిన బట్టలు ఆరేసినట్టు లెక్కలు ఆరేశారు.

మా అమ్మాయి వంతు వచ్చింది. ముక్కను బోర్డుకు అంటించి, మూలన వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ పిచ్చుక చూడండి. పిచ్చుక ఉంటే మా నాన్న గీసినట్టు. అదిగో మా నాన్న."

క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగింది. ఆయన చెయ్యి సగం ఎత్తి, ఎత్తాలో వద్దో తెలియక కాలరు సర్దుకున్నారు.

"నా ప్రశ్న: సాయంత్రం బస్సులో జనం ఎంత తగ్గారు?"

రెండో వరసలోంచి పళ్ళకు క్లిప్పులున్న పిల్ల లేచింది. "సార్, అది మా బస్సే సార్. నేను చివరి స్టాపులో దిగుతాను. రోజూ నిలబడే వెళ్తాం. ఈ చివరి కమ్మీ చూస్తే బస్సులో డ్రైవరు ఒక్కడే ఉన్నట్టుంది."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, అలవాటుగా ప్రతి శుక్రవారం అనే మాటే అనేశారు. "కన్ను చెప్పాల్సింది చెప్పింది. కొలబద్ద ఏమంటుంది?"

మా అమ్మాయి జేబులోంచి కొలబద్ద తీసింది. నాకు లేచి పారిపోవాలనిపించింది. పక్కకు చూశాను. ఆయన ఇంకా చిన్నగా నవ్వుతూనే ఉన్నారు. రోజుకు అన్ని బొమ్మలు గీసే మనిషికి ఇది ఎలా గీశారో గుర్తు లేదు.

"మొదటిది ఎనిమిది సెంటీమీటర్లు. చివరిది రెండు. అంటే నాలుగో వంతు."

"ఐదు వందల ఇరవైలో నాలుగో వంతు నూట ముప్ఫై కదా," అంది క్లిప్పుల పిల్ల. "మరి నాలుగు వందల తొంభై అని రాశారేంటి?"

మా అమ్మాయి బోర్డుకు ఇంకా దగ్గరగా జరిగింది. కొలబద్దను కమ్మీ నుంచి కమ్మీకి మారుస్తూ పెదవులు కదిపింది. ఆ వీపు చూస్తే చాలు, లెక్క కుదురుతోందని నాకు తెలిసిపోయింది. కుదరకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాను. లెక్కలు చదువుకున్నదాన్ని, నా కూతురికి లెక్క తప్పాలని కోరుకున్నాను.

"ఆరు సెంటీమీటర్లకి ముప్ఫై మంది తగ్గారు. అంటే సెంటీమీటరుకి ఐదుగురు. చివరి కమ్మీ రెండు సెంటీమీటర్లు, పదిమంది..." గొంతు నెమ్మదించింది. "సార్, దీనికి కింద సున్నా లేదు. నాలుగు వందల ఎనభై దగ్గర మొదలైంది."

"అంటే కాళ్ళు కోసేశారన్నమాట!" అని కిటికీ పక్కనుంచి ఎవరో అన్నారు.

క్లాసు ఘొల్లుమంది. నా పక్కన ఆయన నవ్వు ఆగిపోయింది. ఆఫీసులో వాళ్ళు చాటుగా అనుకునే మాట, ఏ పిల్ల నోట్లోంచో సూటిగా వచ్చి తగిలింది.

బొమ్మ గీసినాయన వెనకే కూర్చున్నారని మాస్టారికి అప్పటికి గాని తట్టలేదు. "ఒక్కోసారి చోటు చాలక... పేపర్లో అలా..." అంటూ ఏదో సర్దబోయారు. మా అమ్మాయి ఆయన మాట వినడం లేదు. మాకేసి చూడనూ లేదు. బోర్డు పక్కనే నిలబడి, బొటనవేలితో ఆ మూల పిచ్చుకను కప్పేసింది. తన వంతు అయిపోయి, తర్వాతి పిల్ల వచ్చి నిలబడే దాకా ఆ వేలు తియ్యలేదు.

నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

బయటికి వచ్చాక మాస్టారు వెనకాలే పరుగెత్తుకొచ్చారు. చొక్కా చేతులకు సుద్దపొడి. "ఏమీ అనుకోకండి. నేను ముందే ఒకసారి చూసుకోవాల్సింది."

"మీరేం చేశారండీ," అన్నారు మా ఆయన. మాస్టారి క్షమాపణ మాకు ఇంకో చెంపదెబ్బ.

వీధి మలుపు తిరిగాం. తర్వాత ఆయనే మొదలుపెట్టారు.

"రెండు కాలమ్‌లే ఇచ్చారు. చోటెక్కడుంది? అందరూ అలాగే గీస్తారు."

"ఊఁ."

"అంకెలు పైన వేశాను కదా. అబద్ధం ఏం రాయలేదు కదా."

బస్సు స్టాపు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. "ఆ సాయంత్రం బస్సు తీసేస్తారట. ఎవరూ ఎక్కడం లేదటగా, పేపర్లో బొమ్మ వేశాడు," అంటున్నాడు ఒకాయన. మా ఆయన తల దించుకుని అడుగు వేగం పెంచారు.

ఇంటి గేటు దగ్గర ఆగారు. "నిన్న పొద్దున నువ్వు చూశావా?"

"చూశాను."

"తెలిసిందా?"

"తెలిసింది."

"మరి?"

"మీ మొహం చూసి..." అన్నాను.

"నా మొహం!" అన్నారు ఆయన. గేటు తోసుకుని ముందే లోపలికి వెళ్ళిపోయారు.

*

సాయంత్రం అమ్మాయి వచ్చి సంచీ ఒక మూల పెట్టి, నేను బట్టలు మడత పెడుతున్న చోట కూర్చుంది.

"అమ్మా, నువ్వు డిగ్రీలో లెక్కలే కదా చదివావు?"

"అవునే."

"నిన్న నీకు చూపించాను కదా. నీకు కనబడలేదా?"

"కళ్ళజోడు పెట్టుకోలేదు కదే," అన్నాను.

నోటినుంచి ఎంత సులువుగా వచ్చిందో! అమ్మాయి నన్ను చూసింది. కొలిచే చూపు అది.

"పిచ్చుక ముక్కు వంకర పోయిందన్నావు," అంది.

అంతే. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి, తన బల్ల సొరుగులో ఉన్న మామూలు కత్తెర తెచ్చి, నా కుట్టుపెట్టెలో నా కత్తెర పక్కన పెట్టింది. "నాకు ఇంక అక్కర్లేదు."

మర్నాడు పేపరు చెక్కు చెదరకుండా మా అత్తగారి చేతికి వచ్చింది. ఆవిడ ఐదో పేజీ, ఆరో పేజీ వెలుగులో పెట్టి చూశారు. "ఇవాళ కిటికీ లేదేంటే కొలబద్దా? ఒంట్లో బాగాలేదా?"

"నన్నలా పిలవకు నానమ్మా."

మా అత్తగారు నాకేసి తిరిగారు. "ఏమైంది దీనికి?"

"ఏం లేదత్తయ్యా," అన్నాను. రెండో అబద్ధం మొదటి దానికంటే సులువుగా వచ్చింది.

ఆ రోజు నేను ఒక దిండు గలీబు అంచు కుట్టాను. కుట్టు నిట్టనిలువుగా వచ్చింది. చూసుకుని మురిసిపోబోయి, పక్కన పడేశాను. పోగు పక్కకు జరిగితే ఊరుకోని దాన్నే, కమ్మీకి కాళ్ళు లేకపోతే ఊరుకున్నాను. పైగా ఆ పిల్ల దాన్ని తెచ్చి నా కళ్ళ ముందే పెట్టింది. కన్ను బాగా పనిచేసింది. నోరే పనిచెయ్యలేదు.

ఆయన ఆఫీసుకు మామూలు కంటే ముందే వెళ్ళారు. వెళ్ళేముందు భోజనాల బల్ల మీద కాగితం పరుచుకుని ఏదో గీశారు. అమ్మాయి పక్కనుంచి రెండుసార్లు వెళ్ళింది, మంచినీళ్ళకని ఒకసారి, గ్లాసు పెట్టడానికి ఒకసారి. తొంగి చూడలేదు.

*

నలుగురం కలిసి తినేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే. ఆయనకు ఆ రోజు సెలవు. నేను అందరికీ వడ్డించి కూర్చున్నాను.

"కూరలో ఉప్పు తక్కువైంది," అన్నారు మా అత్తగారు. "ఈ ఇంట్లో రెండు రోజులుగా అన్నీ తక్కువే. మాటలు కూడా."

ఆయన గొంతు సవరించుకున్నారు. "అందరికీ ఒక మాట చెప్పాలి. రేపు పేపర్లో ఆ బస్సు బొమ్మ మళ్ళీ వస్తుంది. అదే పేజీ, అదే చోటు. కాళ్ళతో సహా. కింద 'గురువారం వేసిన గ్రాఫు తప్పు' అని ఒక వాక్యం కూడా."

"ఏ బొమ్మరా? ఏ కాళ్ళు?" అన్నారు మా అత్తగారు.

ఆయన తల్లికి మొత్తం చెప్పారు. క్లాసు, కొలబద్ద, పిల్లల నవ్వు, ఏదీ దాచకుండా. చెబుతున్నంతసేపూ కంచం అంచును వేలితో తుడుస్తూనే ఉన్నారు.

"మీ ఇన్‌చార్జి ఒప్పుకున్నాడా?" అన్నాను నేను.

"ముందు నవ్వాడు. గీతలకి కూడా దిద్దుబాటు వేస్తారా ఏంటయ్యా అన్నాడు. కొత్త బొమ్మ చూపిస్తే, 'నాలుగు కమ్మీలూ ఒకే ఎత్తులో ఉన్నాయి, ఇంత చప్పగా ఉంటే ఎవడు చూస్తాడు' అన్నాడు. మా అమ్మాయి క్లాసు చూస్తుంది అన్నాను. చివరికి వేస్తానన్నాడు. కానీ ఇక నుంచి గ్రాఫులు ఇంకొకరికి ఇస్తాడట. నాకు అద్దె ఇళ్ళ ప్రకటనల పేజీ."

"చేజేతులా తెచ్చుకున్నావు," అన్నారు మా అత్తగారు. కూర గిన్నె ఆయన దగ్గరికి జరిపారు. "తిను."

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి అమ్మాయి కంచం పక్కన పెట్టారు. అమ్మాయి ముట్టుకోలేదు. కళ్ళు మాత్రం అటే ఉన్నాయి.

"మొదటిది ఎనిమిది సెంటీమీటర్లు," అన్నారు ఆయన. "చివరిది ఏడున్నర."

అమ్మాయి పెదవులు కదిలాయి.

"ఏడున్నర కాదు," అంది కంచంలోకి చూస్తూ. "దానిమీద ఇంకో ఆవగింజంత ఉంటుంది."

"ఉంటుందా? అయితే మార్చాలి. ఫోన్ చేసి చెప్తాను."

"పిచ్చుక ఉంటుందా?"

"ఉండాలి కదా. లేకపోతే ఎవరు గీశారో ఎలా తెలుస్తుంది?"

అమ్మాయి కాగితం విప్పింది. ఎడమచేత్తో అంచులు సాపు చేసింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తింది. నాన్న వైపు కాదు, నా వైపు. శుక్రవారం సాయంత్రం అడిగిన ప్రశ్నే ఆ కళ్ళలో అలాగే ఉంది, జవాబు రాయని గడిలా.

"వచ్చే శుక్రవారం నేను మళ్ళీ మీ క్లాసుకి వచ్చి, ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెడతాను," అంటున్నారు ఆయన. "ఎలా కోశానో నేనే చెప్తాను."

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"నేనూ వస్తాను," అన్నాను. "గురువారం పొద్దున ఆ బొమ్మలో తప్పు నేను చూశాను. కళ్ళజోడు లేకపోయినా చూశాను. చూసీ నోరు మూసుకున్నాను, ఆ తర్వాత నీతో అబద్ధం ఆడాను. ఆ మాట మీ క్లాసులో, మీ మాస్టారి ముందు, నేనే నిలబడి చెప్తాను."